మందు పనిచేసిందా, పిల్ల పెరిగిందా?

ఐదేళ్ల పిల్ల మూత్రాశయంలో ఎంత పడుతుంది? డాక్టర్లది వేళ్ల మీద లెక్క: వయసుకు ఒకటి కలిపి 30తో గుణించాలి. అంటే 180 మిల్లీలీటర్లు. వచ్చే పుట్టినరోజుకి 210. మందేమీ వేయకపోయినా ఏటా ఓ 30 పెరుగుతూనే ఉంటుంది. పిల్లల మూత్రాశయం మందుల పరీక్షలకు చిక్కు తెచ్చిపెట్టేది ఈ చిన్న లెక్కే.

ముందు జబ్బు సంగతి. స్పైనా బైఫిడాతో పుట్టిన పిల్లల్లో వెన్నుపూస పూర్తిగా మూసుకోదు, మూత్రాశయానికి వెళ్లే నరాలు దెబ్బతింటాయి. చాలామందిలో సంచి నిండకముందే దాని కండరం బిగుసుకుంటుంది, కింద మూతి మాత్రం సరిగా తెరుచుకోదు. బట్టలు తడుస్తున్నాయని ఇంట్లోవాళ్లు బాధపడతారు గానీ, భయపడాల్సింది లోపలి ఒత్తిడికి. అది కిడ్నీల మీదికి ఎక్కుతుంది. మూత్రం కారడం మొదలయ్యే వేళకి ఒత్తిడి 40 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు వేసేంత ఒత్తిడిని దాటే పిల్లల్లో కిడ్నీలకు ముప్పు ఎక్కువని 1981లో డాక్టర్ మెక్‌గ్వైర్ బృందం చూపించింది.

దీనికి ఒక దారి గొట్టం. కడుక్కున్న చేతులతో రోజుకు నాలుగైదుసార్లు సన్నటి కాథెటర్ పెట్టి మూత్రం తీసేయొచ్చు, ఆపరేషన్ థియేటర్ మడి అక్కర్లేదని 1972లో జాక్ లాపిడెస్ అనే అమెరికన్ మూత్రకోశ వైద్యుడు అన్నాడు. ఇప్పుడు అమ్మలు ఇంట్లోనే చేస్తున్నారు. దానికి తోడు కండరాన్ని సడలించే మందు. ఆక్సిబ్యుటినిన్ ఇందులో పాతకాపు. పనిచేస్తుంది, కానీ నోరెండిపోతుంది, మలబద్ధకం వస్తుంది, చెమట తగ్గుతుంది. మే నెల విజయవాడలో చెమట పట్టని పిల్లను ఊహించుకోండి.

మిరాబెగ్రాన్ అదే కండరాన్ని వేరే దారిలో సడలిస్తుంది. దాన్ని నరాలు దెబ్బతిని మూత్రాశయం ఇలా బిగుసుకునే, 3 నుంచి 17 ఏళ్ల వయసున్న 86 మందికి ఇచ్చి, 52 వారాలపాటు పరీక్షించారు. ఎవరికీ ఉత్తుత్తి మందు ఇవ్వలేదు. ఒత్తిడి కిడ్నీలను తినేస్తుంటే కొందరు పిల్లల్ని ఏడాదిపాటు ఊరికే వదిలేయలేరు కదా! అందుకే ప్రతి పిల్లకూ పోటీ తన పాత కొలతతోనే. పిల్లను బల్ల మీద పడుకోబెట్టి, గొట్టంలోంచి సెలైన్ మెల్లగా ఎక్కిస్తూ, తెర మీద ఒత్తిడి గీత ఎక్కడ ఎగబాకుతుందో చూస్తారు. బొమ్మలు చూపిస్తూ కదలకుండా ఉంచడమే అందులో సగం పని.

24 వారాలకి మూత్రాశయంలో పట్టేది, మామూలు పెరుగుదలయితే, ఓ 14 మిల్లీలీటర్లు పెరగాలి. పెరిగింది సగటున 87. ఇదంతా వయసు ఖాతాలో వేయలేం. ఒత్తిడీ తగ్గింది. 2021 మార్చిలో అమెరికా మూడేళ్లు దాటిన పిల్లలకు ఈ మందును అనుమతించింది.

నాకు గుచ్చుకునేది దుష్ఫలితాల పట్టిక. అందులో ఎక్కువగా కనిపించింది మూత్రంలో ఇన్ఫెక్షన్. కాథెటర్ వాడే పిల్లలకు అది మామూలే. గొట్టం వల్ల వచ్చిందా, మందు వల్ల వచ్చిందా అని పోల్చి చూద్దామంటే, పక్కన మందు వేసుకోని పిల్లలు లేరు.