స్వభావానికి తగిన పని: నా దగ్గరకు వచ్చే అపోహలు, నేను చెప్పే వాస్తవాలు

కెరీర్ కౌన్సెలర్‌గా నా ముందు కూర్చునేవారిలో సగం మంది పదో తరగతి, ఇంటర్ పిల్లలూ వాళ్ల తల్లిదండ్రులూ. మిగిలినవారు పాతికేళ్లు దాటి, ఏదో ఒక ఉద్యోగంలో చేరి, ఆదివారం సాయంత్రం అయ్యేసరికి గుండె బరువెక్కేవారు. అందరూ అడిగేది ఒక్కటే: "నా స్వభావానికి ఏ పని సరిపోతుంది?" ప్రశ్న మంచిదే. జిహ్వకో రుచి, పుర్రెకో బుద్ధి అని మన పెద్దలు ఊరికే అనలేదు. అయితే ఆ ప్రశ్నతో పాటే కొన్ని గట్టి నమ్మకాలు కూడా లోపలికి వస్తాయి. వాటి వల్ల తెలివైన పిల్లలు ఏళ్ల తరబడి నలిగిపోవడం చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: తక్కువ మాట్లాడేవారికి మనుషులతో పని పడదు

"మావాడు నోరు విప్పడు మేడమ్, కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగమైతే చాలు." ఈ మాట వినని వారం లేదు. నిజానికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో పొద్దున్నే బృందంతో సమావేశం, మధ్యాహ్నం క్లయింటుతో ఫోను, సాయంత్రం రాసిన కోడును నలుగురి ముందు సమర్థించుకోవడం మామూలే. పైకి ఎక్కేకొద్దీ కోడు తగ్గి మాటలు పెరుగుతాయి. అలాగే గలగలా మాట్లాడే పిల్లల్ని కళ్లు మూసుకుని మార్కెటింగ్ వైపు పంపిస్తారు. అమెరికాలో ఆడమ్ గ్రాంట్ అనే ఆచార్యుడు ఫోనులో అమ్మకాలు చేసే 340 మందిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించాడు. అందరికన్నా ఎక్కువ రాబడి తెచ్చినవారు మరీ మాటకారులూ కాదు, మరీ ముభావులూ కాదు, మధ్యస్థంగా ఉన్నవారు. అవతలివారు చెప్పేది వినకుండా అమ్మడం ఎంతటి మాటకారికైనా కష్టమే మరి.

నా దగ్గరకు వచ్చిన ఒక కెమిస్ట్రీ లెక్చరర్ సంగతి చెప్పాలి. ప్రైవేటు జూనియర్ కళాశాలలో నాలుగేళ్లుగా పనిచేస్తోంది. చాలా నెమ్మదైన అమ్మాయి. "నాకు పాఠాలు చెప్పడం పడదని తేలిపోయింది, బ్యాంకు పరీక్షలు రాస్తాను" అంది. నేనప్పుడు ఏమీ అనలేదు. ఒక రూళ్ల పుస్తకం ఇచ్చి, రెండు వారాల పాటు గంట గంటకూ ఏం చేసిందో ఒక్క ముక్కలో రాయమన్నాను. ఆ పని అయ్యాక ఒంట్లో ఓపిక మిగిలితే ఆకుపచ్చ చుక్క, పీల్చేసినట్టు ఉంటే ఎర్ర చుక్క పెట్టమన్నాను. రెండు వారాల తర్వాత పుస్తకం తెచ్చింది. తరగతి గది ఉన్న ప్రతి గంటా ఆకుపచ్చే. అణు నిర్మాణం మూడోసారి చెప్పిన రోజున రెండు చుక్కలు పెట్టుకుంది. ఎరుపంతా ఒకేచోట ఉంది: అడ్మిషన్లు. తల్లిదండ్రులకు రోజుకు ఇన్ని ఫోన్లు అని లెక్క, ఇంటింటికీ తిరగడం, ఇంతమందిని చేర్పించాలన్న లక్ష్యం. ఆమెకు పడనిది అది. పాఠం కాదు. బ్యాంకులో చేరి ఉంటే డిపాజిట్లు, బీమా పాలసీల లక్ష్యాలతో అదే ఎరుపు మళ్లీ ఎదురయ్యేది. అడ్మిషన్ల బాధ్యత లేని ఒక రెసిడెన్షియల్ పాఠశాలకు మారింది. జీతం కొంచెం తగ్గింది, ఆ సంగతి తెలిసే వెళ్లింది.

ఉద్యోగం పేరును స్వభావంతో జత చేయబోతే ఇలాగే పొరపాటు పడతాం. జత చూడాల్సింది ఆ ఉద్యోగంలో గడిచే రోజుతో.

అపోహ: వేలిముద్రలు చూసి పిల్లల భవిష్యత్తు చెప్పవచ్చు

దీని గురించి కోపం లేకుండా రాయలేను. పదేళ్ల పిల్ల పది వేళ్లూ స్కాన్ చేసి, వేల రూపాయలు తీసుకుని, నిగనిగలాడే కాగితం మీద రంగురంగుల నివేదిక చేతిలో పెడతారు. అందులో కుడి మెదడు ఇంత శాతం, ఎడమ మెదడు ఇంత శాతం, డాక్టరుకు ఇంత, ఇంజినీరుకు ఇంత అని ఉంటుంది. వేలి మీది గీతలు బిడ్డ తల్లి గర్భంలో ఉండగానే ఏర్పడతాయి. వాటిని బట్టి తెలివినో వృత్తినో చెప్పవచ్చనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. ఒక తండ్రి అలాంటి నివేదిక తెచ్చి, "మా అమ్మాయికి లెక్కలు రావని ఇందులో ఉంది" అన్నాడు. ఆ పాప పక్కనే కూర్చుని వింటోంది. ఆ వాక్యం ఆ పిల్ల మనసులోంచి తీసేయడానికి మాకు ఎన్ని నెలలు పట్టిందో!

అపోహ: నాలుగక్షరాల పరీక్ష రాస్తే మన ఉద్యోగం తెలిసిపోతుంది

ఇది వేలిముద్రలంత దారుణం కాదు కానీ, చదువుకున్న వాళ్లలో దీని పట్టు ఎక్కువ. మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ 1921లో ప్రచురించిన ఆలోచనల ఆధారంగా అమెరికాలో తల్లీకూతుళ్లయిన క్యాథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మయర్స్ ఎంబీటీఐ అనే ఈ ప్రశ్నావళిని రూపొందించారు. మనుషుల్ని 16 రకాలుగా విడదీసి, ఒక్కో రకానికి నాలుగు ఇంగ్లిష్ అక్షరాల పేరు పెడుతుంది. చిక్కల్లా ఆ విడదీతలోనే ఉంది. మనలో ఎక్కువమందిమి మధ్యలో ఉంటాం. గీతకు అటు అరంగుళమో ఇటు అరంగుళమో నిలబడినవాణ్ని ఒక గడిలో వేసేస్తే, కొన్ని వారాల తర్వాత మళ్లీ రాసినప్పుడు ఇంకో గడిలో పడతాడు. ఉద్యోగాలకు మనుషుల్ని ఎంచడానికి దీన్ని వాడకూడదని ఆ పరీక్షను అమ్మే సంస్థే చెబుతోంది. ఇది మాత్రం మన సంస్థల చెవిన పడదు.

ప్రశ్నావళులన్నీ పనికిరానివని నేను అనడం లేదు. అమెరికా మనస్తత్వవేత్త జాన్ హాలండ్ 1959లో ప్రతిపాదించిన పద్ధతి నేనూ వాడతాను. యంత్రాలూ చేతిపనీ, శోధన, కళ, మనుషులకు సాయం, ఒప్పించి నడిపించడం, లెక్కాపత్రం అని ఆరు దిక్కులు. ఒక్క దిక్కుకు అంటగట్టకుండా బలంగా ఉన్న రెండు మూడింటిని కలిపి చూస్తాం. అమెరికా కార్మిక శాఖ ఈ పద్ధతిలో 60 ప్రశ్నల ప్రశ్నావళిని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. అయితే దాన్ని సంభాషణ మొదలుపెట్టడానికి వాడండి, తీర్పుగా తీసుకోవద్దు. పాఠశాల ప్రయోగశాల తప్ప యంత్రం ముట్టని పిల్లవాడు "యంత్రాలు మరమ్మతు చేయడం ఇష్టమా" అన్న ప్రశ్నకు ఏమని జవాబు రాస్తాడు? ముందు ఒక పాత ఫ్యాను విప్పనివ్వండి.

అపోహ: ప్రభుత్వ ఉద్యోగం ఎవరికైనా సరిపోతుంది

ప్రభుత్వ ఉద్యోగం అనేది ఒక ఉద్యోగం కాదు, వందల ఉద్యోగాలు. గ్రూప్-2 ఒక్కటే తీసుకోండి. ఒకే పరీక్ష, ఒకే పుస్తకాలు, ఒకే గది అద్దె, ఒకే స్టడీ హాలు కుర్చీ. నెగ్గాక మాత్రం ఒకరు డిప్యూటీ తహసీల్దార్ అవుతారు, తెలంగాణలో నాయబ్ తహసీల్దార్ అంటారు. ఒకరు సబ్ రిజిస్ట్రార్, ఒకరు ఎక్సైజ్ ఎస్సై, ఒకరు సచివాలయంలో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్, ఇంకొకరు చిన్న పురపాలికకు కమిషనర్. రెవెన్యూలో తలుపు ముందు ఎప్పుడూ జనం, భూమి తగాదాలు, ఎన్నికల విధులు. రిజిస్ట్రేషన్‌లో దస్తావేజులు ఒక్కొక్క గీతా చూసుకునే ఓపిక కావాలి. ఎక్సైజ్‌లో యూనిఫాం, వేళాపాళా లేని దాడులు. సచివాలయంలో ఫైలు మీద నోటు ఎంత స్పష్టంగా రాస్తే అంత విలువ. పురపాలికలో తెల్లవారకముందే చెత్త బండ్లు, నీళ్ల పైపులు, ఫిర్యాదులు.

మూడు నాలుగేళ్లు ఆ పరీక్ష కోసం ధారపోసినవారు కూడా పోస్టుల ప్రాధాన్య క్రమం నింపేటప్పుడు స్నేహితుణ్ని అడిగి అరగంటలో నింపేస్తారు. ఊళ్లో ఏ పేరుకు గౌరవం ఎక్కువ అన్నదే కొలత. గొడవంటే భయపడే కుర్రాడు ఎక్సైజ్‌ను మొదట పెట్టి, ఎంపికై, నా దగ్గరకు వచ్చి కన్నీళ్లు పెట్టుకున్నాడు. దయచేసి ఆ కాగితం నింపే ముందు, పైన పెట్టదలచిన రెండు మూడు పోస్టుల్లో పనిచేస్తున్న ఒక్కొక్కరితో అయినా మాట్లాడండి. "ఉద్యోగం ఎలా ఉంది?" అని అడగవద్దు. "నిన్న పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏం చేశారు?" అని అడగండి. మొదటి ప్రశ్నకు బాగుందనో బాగాలేదనో అంటారు. రెండో ప్రశ్నకు మీకు కావలసిందంతా చెబుతారు.

అపోహ: మనకోసం పుట్టిన పని ఒకటి ఉంటుంది, అది దొరికితే కష్టమే తెలియదు

ఇలా నమ్మేవారు మొదటి కష్టం దగ్గరే ఆగిపోతారు. ఓకీఫ్, డ్వెక్, వాల్టన్ అనే పరిశోధకులు 2018లో దీన్ని పరీక్షించి చూశారు. ఆసక్తి ముందే లోపల ఉంటుంది, వెతికితే దొరుకుతుంది అనుకునేవారిలో, విషయం కఠినంగా మారగానే ఆసక్తి ఎక్కువగా జారిపోయింది. ఆసక్తి పెంచుకునేది అనుకున్నవారు అంతగా వదిలేయలేదు. చార్టర్డ్ అకౌంటెన్సీ చదివేవారిలో నేను చూసేదీ ఇదే. మొదటి ఏడాది "ఇది నాది కాదేమో" అన్నవారే, చేతికి పని అలవాటయ్యాక ఆడిట్‌లో ఒక తప్పు పట్టుకున్న రోజున ఎంత ఉత్సాహంగా ఫోను చేస్తారో!

అపోహ: పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు

సామెత బలమైనదే కానీ, పూర్తిగా నిజం కాదు. ఇరవైల నుంచి నలభైల దాకా సగటున మనుషుల్లో బాధ్యతగా, క్రమంగా పని చేసుకుపోయే గుణం పెరుగుతుందని దీర్ఘకాలిక అధ్యయనాలన్నీ కలిపి చూస్తే తేలింది. ఏ రంగంలోనైనా పనితీరుతో ముడిపడిన గుణం కూడా అదేనని 1991లో బ్యారిక్, మౌంట్ అనే పరిశోధకులు చూపించారు. పదిహేనేళ్ల వయసులో "వీడు ఇంతే" అని ముద్ర వేసి ఇంటర్ గ్రూపు ఎంచవద్దు.

అపోహ: పని పడకపోతే మానేయడం ఒక్కటే దారి

ఇంటి అప్పు, చెల్లెలి పెళ్లి, అమ్మ మందులు ఉన్నవారికి "రాజీనామా చేయండి" అని చెప్పడం నాకు బాధ్యతారాహిత్యంగా అనిపిస్తుంది. ఎమీ రెజ్నెస్కీ, జేన్ డటన్ అనే పరిశోధకులు 2001లో ఆస్పత్రి పారిశుధ్య సిబ్బంది గురించి రాశారు. ఒకే పని, ఒకే జీతం. కొందరు నేల తుడిచి వెళ్లిపోతారు. మరికొందరు రోగులతో రెండు మాటలు మాట్లాడి, దారి తెలియని బంధువులకు దారి చూపి, ఆ పనినే తమకు తగినట్టు మలచుకుంటారు. ఎర్ర చుక్కల పుస్తకం ఇక్కడ కూడా పనికొస్తుంది. ఒక బ్యాంకు ఉద్యోగి తన పుస్తకంలో కౌంటర్ గంటలన్నీ ఎరుపనీ, రుణాల దస్త్రాలు చూసిన గంటలు పచ్చవనీ గమనించాడు. మేనేజరును అడిగి, కౌంటర్ అంటే ఇష్టపడే సహోద్యోగితో వారానికి మూడు మధ్యాహ్నాలు పని మార్చుకున్నాడు. అడగడానికి అతనికి ఆరు వారాలు పట్టింది. మేనేజరు ఒప్పుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది.