మైక్రో ఎంఆర్‌ఐ: స్లాట్ బుక్ చేసేముందు వదిలేయాల్సిన అపోహలు

చిన్న నమూనాలను అతి సన్నటి వివరంతో తీసే ఎంఆర్‌ఐ స్కానే మైక్రో ఎంఆర్‌ఐ. దానికోసం బెంగళూరు ల్యాబులకు ఎలుక మెదడునో, అనంతపురం పల్లీలనో పట్టుకొచ్చే మన తెలుగు విద్యార్థుల కోసం ఇది.

అపోహ: అయస్కాంతం పెద్దదైతే చాలు, ఇమేజ్ దానంతటదే బాగా వస్తుంది.

వాస్తవం: అయస్కాంతం బలం 11.7 టెస్లా ఉన్నా సరే, నమూనా పెట్టే ట్యూబులో ఒక్క గాలిబుడగ ఉంటే దాని చుట్టూ నల్లమచ్చ పడుతుంది. గ్రేడియెంట్ ఎకో అనే స్కాన్ పద్ధతిలో అది ఇంకా పెద్దదవుతుంది. అసలు పనంతా నమూనా తయారీలోనే ఉంది. కణజాలం పాడవకుండా వాడే ఫార్మలిన్ దాని టీ2ని (సిగ్నల్ నిలిచే సమయాన్ని) తగ్గించేస్తుంది. అందుకే 5 మిల్లీమీటర్ల ముక్కనైనా ఫాస్ఫేట్ బఫర్ సెలైన్‌లో కనీసం ఒక రోజు, ద్రవం మారుస్తూ నానబెట్టండి. తీశాక ఫిల్టర్ పేపర్‌తో తడి అద్ది, ఫాంబ్లిన్ అనే ఫ్లోరిన్ ద్రవంలో వేయండి. అందులో హైడ్రోజన్ లేదు కాబట్టి సిగ్నల్ రాదు, ముక్క ఎండిపోదు. బుడగలు రావడం ఆగేదాకా వ్యాక్యూమ్ పెట్టండి. చాలామంది మరిచిపోయేది ఒకటుంది: ఫాంబ్లిన్ నీటికంటే దాదాపు రెట్టింపు బరువు, ముక్క పైకి తేలుతుంది. పైనుంచి టెఫ్లాన్ ప్లగ్‌తో కదలకుండా నొక్కిపెట్టాలి. లేకపోతే స్కానర్‌లోని గ్రేడియెంట్ కాయిళ్ల అదురుకే ఇమేజ్ అలుక్కుపోతుంది.

అపోహ: రాత్రంతా స్కాన్ చేస్తే ఎంత సన్నటి వివరమైనా దొరుకుతుంది.

వాస్తవం: వాక్సెల్ (ఇమేజ్‌లోని అతి చిన్న ఘనం) భుజం 100 మైక్రాన్ల నుంచి 50కి తగ్గితే ఘనపరిమాణం ఎనిమిదో వంతవుతుంది, సిగ్నలూ అంతే. మళ్లీమళ్లీ స్కాన్ చేసి సగటు తీసి దాన్ని పూడ్చాలంటే 64 రెట్ల సమయం కావాలి. గంట స్కాన్ కాస్తా 64 గంటలు! అంతకంటే నమూనాకు సరిగ్గా సరిపోయే చిన్న కాయిల్ (సిగ్నల్ పట్టే తీగచుట్ట) వాడటం ఎంతో మేలు. సాఫ్ట్‌వేర్‌లో ఇమేజ్‌ను ఒక్కో వైపు 128 పిక్సెళ్ల నుంచి 512 చేస్తే పెరిగేది పిక్సెళ్లే, వివరం కాదు.

అపోహ: ఎంఆర్‌ఐలో కనిపించేది నీళ్లే.

వాస్తవం: ఎండు పల్లీలో కనిపించేది ముఖ్యంగా నూనె. నానబెట్టిన పల్లీలో రెండూ కనిపిస్తాయి, చిక్కూ అక్కడే. 500 మెగాహెర్ట్జ్ దగ్గర (అంటే 11.7 టెస్లాలో) నీటికీ నూనెకీ మధ్య ఫ్రీక్వెన్సీ తేడా సుమారు 1750 హెర్ట్జ్. బ్యాండ్‌విడ్త్ (ఒక్కో పిక్సెల్‌కు కేటాయించే ఫ్రీక్వెన్సీ వెడల్పు) 250 హెర్ట్జ్ పెడితే నూనె ఇమేజ్ ఏడు పిక్సెళ్లు పక్కకు జరుగుతుంది. బ్యాండ్‌విడ్త్ పెంచండి, లేదా ఒకదాని సిగ్నల్ అణచండి.

అపోహ: ఎండు కర్ర, సిమెంటు కూడా ఇలాగే తీయొచ్చు.

వాస్తవం: వాటిలో టీ2 చాలా తక్కువ. మామూలు పద్ధతి అయిన స్పిన్ ఎకోలో సిగ్నల్ కొలిచే సమయం వచ్చేసరికే సిగ్నల్ చాలావరకు పోతుంది. సిగ్నల్ పోకముందే పట్టే అల్ట్రాషార్ట్ ఎకో టైమ్ లేదా సింగిల్ పాయింట్ ఇమేజింగ్ కావాలి. ఆ సీక్వెన్స్ (స్కాన్ పద్ధతి) ల్యాబులో ఉందో లేదో నమూనా పంపకముందే అడగండి.