ఒక కోట హోటలైంది, ఇంకో కోట కాలేజీ అయింది

విజయనగరం కోటలో కాలేజీలు నడుస్తున్నాయి. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో 1959లో పాలిటెక్నిక్ పెట్టారు. అదే జైపూర్, ఉదయపూర్, జోధ్‌పూర్‌లకు వెళితే రాజుగారి పడకగదినే రాత్రి లెక్కన అద్దెకిస్తారు. రాజస్థాన్ వాళ్లకు వ్యాపారం తెలుసు, మనవాళ్లకు తెలియదు అని చాలామంది తేల్చేస్తారు కానీ, అసలు సంగతి 1948-49 నాటి కాగితాల్లో ఉంది.

సంస్థానాలు ఇండియన్ యూనియన్‌లో కలిసినప్పుడు రాజులు తమ సొంత ఆస్తుల జాబితాలు ఇచ్చారు. ప్యాలెస్‌లు ఆ జాబితాల్లోకెక్కి సొంత ఆస్తిగా మిగిలాయి. పైగా రాజభరణం, అంటే ప్రభుత్వం ఏటా ఇచ్చే భత్యం, వచ్చేది. మన జమీందార్లు ఈ లెక్కలోకే రాలేదు. మద్రాసు ప్రభుత్వం 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది, నిజాం రాజ్యంలో 1949లో జాగీర్లు పోయాయి. కోట మిగిలినా, దాన్ని పోషించే శిస్తు ఆగిపోయింది. ఏటా సున్నం కొట్టించి, కప్పు కారకుండా చూసుకోవడానికే బోలెడు డబ్బు కావాలి. అద్దెకు దిగే విదేశీ టూరిస్టులు అప్పటికింకా రాలేదు. విజయనగరం వారు 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టి కోటను చదువులకు ఇచ్చారు. నా దృష్టిలో అది ఓటమి కాదు, ఆ రోజుకు ఉన్న మంచి దారి.

రాజస్థాన్‌కు మరో రెండు దశాబ్దాలు ఊపిరి దొరికింది. జైపూర్ మహారాజు రెండో సవాయి మాన్‌సింగ్ రాంబాగ్‌ను 1957లోనే హోటల్ చేశారు. పిఛోలా సరస్సు మధ్యలోని జగ్ నివాస్ 1963లో లేక్ ప్యాలెస్ హోటల్ అయింది. 1971లో 26వ రాజ్యాంగ సవరణ రాజభరణాలను ఎత్తేశాక మిగతా వాళ్లకూ అదే దారి పట్టక తప్పలేదు. కుటుంబాలు యాజమాన్యాన్ని వదులుకోకుండా నడిపే పని హోటల్ కంపెనీలకు అప్పగించాయి. లేక్ ప్యాలెస్, రాంబాగ్ తాజ్ చేతికి వచ్చింది ఆ రోజుల్లోనే. జోధ్‌పూర్ ఉమైద్ భవన్‌ది ఇంకో రకం కథ. కరువులో జనానికి పని కల్పించడానికి 1929లో మొదలుపెట్టిన ఆ 347 గదుల కట్టడం 1943లో పూర్తయింది. నాలుగేళ్లకే స్వాతంత్ర్యం వచ్చింది.

మన వైపు ఈ బాట పట్టింది ఫలక్‌నుమా. నిజాం కొలువులోని పాయిగా వంశపు ప్రభువు వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేసి కట్టించుకున్న ఇల్లు అది. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది అయింది. 1951లో రాజేంద్రప్రసాద్ బస చేశాక దశాబ్దాలపాటు తలుపులు మూసే ఉన్నాయి. ఏడో నిజాం మనవడు ముకర్రం జా మాజీ భార్య ఎస్రా జా పర్యవేక్షణలో ఏళ్లతరబడి బాగుచేయించాక 2010 నవంబరులో 60 గదులతో హోటల్‌గా తెరిచారు. 101 మంది కూర్చునే భోజనాల బల్ల ఇప్పటికీ అక్కడే ఉంది.

బాగుచేయడం అనేది ఒక్క మాటలో తేలిపోయే పని కాదు. పాత గోడలు గానుగ సున్నంవి. నీరు పోసి చల్లార్చి మాగబెట్టిన సున్నాన్ని ఇసుకతో గానుగలో నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవారు. ఆ గోడ నేలలోని చెమ్మను పీల్చి మెల్లగా బయటికి వదిలేస్తుంది. తొందరపడి దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది, ఉప్పు పేరుకుంటుంది. కొన్ని వానాకాలాలు గడిచేసరికి పెచ్చులు ఊడుతాయి, ఊడుతూ పాత రాయి పైపొరను కూడా లాక్కుపోతాయి. రెండో బెడద బాత్రూములు. పూర్వం ఇలాంటి ఇళ్లలో గదికో బాత్రూము ఉండేది కాదు. ఇప్పుడు పైఅంతస్తులో పెట్టిన పైపు కాస్త కారినా, గోడలో దూర్చిన టేకు దూలం చివర కుళ్లడం మొదలవుతుంది. మచ్చ కిందికి కనపడేసరికి కుళ్లు చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది. ఇక ఎత్తైన కప్పున్న గదికి కిటికీలు బిగించి ఏసీ వేస్తే పరదాల వెనక గోడ మీద బూజు పడుతుంది. గదిలోకి అడుగుపెట్టగానే ముక్కవాసన తగిలితే సామాను విప్పకుండా వేరే గది అడగండి.

బుక్ చేసేముందు అడగాల్సిన ప్రశ్న మాత్రం వేరే ఉంది. కేంద్ర పర్యాటక శాఖ హెరిటేజ్ హోటల్ గుర్తింపు ఇవ్వాలంటే 1950కి ముందు కట్టిన భవనం కావాలి. తర్వాత విస్తరించినా, మొత్తం విస్తీర్ణంలో కనీసం సగం పాతది ఉంటే చాలు. అంటే మిగతా సగం నిన్నమొన్నటి కాంక్రీటు కావచ్చు, మీ గది అందులోనే పడవచ్చు. అందుకే గది పేరు చూసి డబ్బు కట్టకుండా, ఏ బ్లాకు, ఎప్పుడు కట్టింది, లిఫ్ట్ ఉందా, ఎన్ని మెట్లు ఎక్కాలి అని ఫోన్లో అడిగి, జవాబును మెయిల్లో రాయించుకోండి. రోజుకు 7,500 దాటిన గదికి 18 శాతం జీఎస్టీ అదనం. చెప్పిన ధరలో అది కలిసిందో లేదో కూడా అదే మెయిల్లో తేల్చుకోండి.