ఆర్డీఎస్: 1956 నాటి గీత కాలువను రెండు ముక్కలు చేసింది

రాజోలిబండ మళ్ళింపు పథకం (ఆర్డీఎస్) నీళ్ళ పంచాయితీ మళ్ళీ రాజుకుంది. తుంగభద్ర మీది ఈ ఆనకట్టకు మూడు రాష్ట్రాలతో సంబంధం. ఎడమ కొస కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో, కుడి కొస ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు వైపు కోసిగి మండలంలో, ఆయకట్టు దాదాపు మొత్తం మన తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో. కృష్ణా జలాలు పంచిన బచావత్ ట్రిబ్యునల్ కేటాయించిన 17.1 టీఎంసీల్లో కర్ణాటకకు 1.2, మనకు 15.9. ఆయకట్టు కర్ణాటకలో 5,879 ఎకరాలు, ఇక్కడ 87,500 ఎకరాలు. పొలం ఇంత ఉన్నా తూము మీద అజమాయిషీ మాత్రం నడిగడ్డకు, అంటే ఈ గద్వాల-అలంపూర్ ప్రాంతానికి, లేదు.

ట్రిబ్యునల్ తీర్పులను ఎంత తిరగేసినా దీనికి కారణం దొరకదు. అది 1956 నవంబరు 1న ఉంది. ఆ రోజు హైదరాబాద్ రాష్ట్రాన్ని భాషల వారీగా పంచారు. రాయచూరు జిల్లా మైసూరుకు పోయింది. ఆ జిల్లాలోని తెలుగు తాలూకాలు గద్వాల, అలంపూర్ మహబూబ్‌నగర్‌లో కలిశాయి. గీత గీయడానికి తాలూకాను లెక్కలోకి తీసుకున్నారు, భాషను తీసుకున్నారు, కాలువను తీసుకోలేదు. 143 కిలోమీటర్ల ఎడమ కాలువలో మొదటి 42.6 కిలోమీటర్లు, కాలువ తల దగ్గర నీటిని వదిలే హెడ్ రెగ్యులేటర్‌తో సహా, పక్క రాష్ట్రానికి చిక్కాయి.

అంతకు ముందు ఈ చిక్కు లేదు. మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన భూములను నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాక తుంగభద్రే హద్దయింది. ఆ హద్దు పని వేరు: ఎవరి సైన్యం ఎక్కడ ఆగాలి, శిస్తు ఎవరికి కట్టాలి అన్నది తేల్చడం. ఆ పనికి నది సరిపోయింది. 1940లలో నిజాం ప్రభుత్వం ఈ పథకాన్ని చేపట్టినప్పుడు ఎడమ గట్టున ఆనకట్ట కొస, కాలువ, పొలం అన్నీ ఒకే జిల్లావి. తగవు వస్తే నదికి ఆ గట్టున ఉన్న మద్రాసుతో రావాలి, దానికి 1944 ఒప్పందం ఉంది. కాలువ పొడవునా తగవు రావచ్చని ఎవరూ అనుకోలేదు, 1956లో గీత గీసినవాళ్ళతో సహా.

ఇప్పుడు నీరు ఎలా వస్తుందో చూడండి. ఇంత నీరు కావాలని తెలంగాణ ఇంజినీర్లు డ్యామ్ నీటిని పంచే తుంగభద్ర బోర్డుకు ఇండెంట్ పెడతారు. హోస్పేట డ్యామ్ నుంచి వదిలిన నీరు నదిలో పారి ఆనకట్టకు చేరాలి. అక్కడ మట్టం ఆనకట్ట నెత్తి దాకా లేస్తేనే కాలువకు నిండుగా ఎక్కుతుంది. నీరు నిలవడానికి అదేమీ జలాశయం కాదు. ఇసుక పోవడానికి పెట్టిన అడుగు తూములు తెరిచి ఉన్నా, షట్టర్లు కారుతున్నా మట్టం పడిపోతుంది. ఆ నీరు కిందున్న సుంకేసుల బ్యారేజీకి, అక్కడి నుంచి కర్నూలు-కడప (కేసీ) కాలువకు పోతుంది. కాలువలో పడ్డ నీరు కూడా పూడిక, తుంగ, గట్టు పొడవునా పెట్టిన మోటార్లు దాటుకుని రావాలి.

తల దగ్గర 850 క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగులు) వదిలితే రాష్ట్ర సరిహద్దులో 770 రావాలన్నది డిజైన్. ఒక టీఎంసీ అంటే 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారడం. ఆ లెక్కన 770 ఎక్కడా తగ్గకుండా వచ్చినా మన 15.9 టీఎంసీలకు దాదాపు 239 రోజులు కావాలి. ప్రవాహం 300 దగ్గర ఆగిపోతే ఏడాది పొడవునా పారించినా తొమ్మిదిన్నర టీఎంసీలు కావు. ఇలా తగ్గినప్పుడల్లా యాసంగిలో ముందు ఎండేది మానవపాడు, అలంపూర్ వైపు చివరి ఆయకట్టే.

ఆనకట్టను అర అడుగు ఎత్తు పెంచి మరమ్మతు చేయాలన్న పని ఏళ్ళ తరబడి ముందుకు సాగలేదు. తమకు దిగే నీరు తగ్గుతుందని కర్నూలు రైతుల అభ్యంతరం. కేసీ కాలువకు కూడా ట్రిబ్యునల్ కేటాయింపు ఉంది కనుక ఆ భయాన్ని కొట్టిపారేయలేం. కానీ ఎడమ కాలువ వాటా కూడా అదే ట్రిబ్యునల్ ఇచ్చింది. 2003లో కేసీఆర్ అలంపూర్ నుంచి గద్వాల దాకా పాదయాత్ర చేసింది ఈ నీళ్ళ కోసమే. రాష్ట్రం వచ్చాక రూ.783 కోట్ల అంచనాతో తుమ్మిళ్ళ ఎత్తిపోతల చేపట్టారు, సుంకేసుల వెనుక నీటిని 55,600 ఎకరాలకు ఎత్తిపోయడానికి. వాలు మీద ఊరికే రావాల్సిన నీటికి కరెంటు బిల్లు కడుతున్నాం. పైగా నదిలో నీరున్నప్పుడే ఆ పంపులు ఆడతాయి. యాసంగి కరువుకు అది మందు కాదు.

దీని మీద 2021లో ఆంధ్రప్రదేశ్ తలపెట్టిన కుడి కాలువ వివాదం వచ్చి పడింది. బచావత్ తర్వాత వచ్చిన బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ దీనికి 4 టీఎంసీలు ఇచ్చిందని ఆంధ్రప్రదేశ్ అంటుంది. సుప్రీంకోర్టు ఉత్తర్వుల వల్ల ఆ తీర్పు గెజిట్‌కే ఎక్కలేదని తెలంగాణ అంటుంది. మన వాదనకే బలం ఎక్కువ. హెడ్ రెగ్యులేటర్‌ను, సరిహద్దులో నీటిని కొలిచే గేజీని తుంగభద్ర బోర్డుకు అప్పగించి 770 క్యూసెక్కులు రాబట్టడం ముందు జరగాలి. కుడి కాలువ మాట ఆ తర్వాత.