పాత ఫొటోలు, స్క్రాప్‌బుక్‌లు: అపోహలు - వాస్తవాలు

పాత ఫొటోలు, శుభలేఖలు, ఉత్తరాలతో కుటుంబాలకు జ్ఞాపకాల పుస్తకాలు తయారు చేయడం నా పని. నా దగ్గరకు వచ్చేవాటిలో చెదలు తిన్న ఫొటోలకంటే, పదిలంగా ఉండాలని ఎవరో ఏదో చేయబోతే పాడైనవే ఎక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: లామినేషన్ చేయిస్తే ఇక పాడవదు.

వేడికి కరిగిన జిగురు ఫొటోను పూర్తిగా పట్టేస్తుంది. తర్వాత విడదీయడం దాదాపు అసాధ్యం. అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేవి కడుపుతో ఉన్నప్పటి స్కానింగ్ బొమ్మలు. అవి సాధారణంగా థర్మల్ కాగితం మీద వస్తాయి, అంటే వేడి తగిలితే నల్లబడే కాగితం. లామినేషన్ మెషిన్‌లో పెడితే బిడ్డ తొలి బొమ్మ కాస్తా నల్లటి ముక్కై బయటికొస్తుంది. మెషిన్ కొట్టి ఇచ్చే బస్సు టికెట్లదీ ఇదే కాగితం. ఏమీ చేయకపోయినా కొన్నేళ్లకు వెలిసిపోతాయి. ఇంటికి తెచ్చిన వారంలోనే స్కాన్ చేసి, మంచి ప్రింటు తీయించి పుస్తకంలో పెట్టుకోండి.

అపోహ: జిగురు పేజీల ఆల్బమ్ ఉంది కదా, భయం లేదు.

1980ల నాటి పెళ్లి ఫొటోలు చాలా ఇళ్లలో వీటిలోనే ఉన్నాయి. పేజీ మీది జిగురు చారలు పసుపు రంగుకు తిరిగి, ఫొటో వెనక గట్టిగా పట్టేస్తాయి. పైన కప్పే ప్లాస్టిక్ పొర పీవీసీదైతే, పాతబడేకొద్దీ ఆమ్లం వదులుతుంది. దయచేసి లాగకండి. ముందు పేజీని ఉన్నదున్నట్టు ఫోన్‌తోనైనా ఫొటో తీయండి. తర్వాత డెంటల్ ఫ్లాస్ దారాన్ని ఫొటో కిందకి పోనిచ్చి, అటూ ఇటూ నిదానంగా ఆడిస్తూ జిగురును కోయాలి. రాకపోతే అక్కడితో ఆపేయండి. ఫ్రేము అద్దానికి అతుక్కున్న ఫొటోనైతే అద్దం మీదుగానే స్కాన్ చేయాలి.

కొత్త పుస్తకానికి ఆసిడ్ ఫ్రీ, లిగ్నిన్ (కాగితాన్ని పసుపు రంగుకు తిప్పే, చెక్కలోని పదార్థం) లేని కాగితం, ఫొటో కార్నర్లు (ఫొటో మూలల్ని దూర్చే చిన్న జేబులు), పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ కవర్లు తీసుకోండి. పీఏటీ పరీక్ష పాసైందని రాసి ఉంటే ఇంకా మంచిది, అది ఫొటోలకు హాని చేయదని తేల్చే పరీక్ష. పేపర్ కటింగులను ఫొటోల పక్కన పెట్టకండి, మరక పడుతుంది.

అపోహ: కలరా ఉండలు వేసి అటక మీద పెడితే చాలు.

అటక మీది వేడి ఫొటో రంగుల్ని తినేస్తుంది. కలరా ఉండల ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది. బయటి గోడకు ఆనించని బీరువాలో, మధ్య అరలో పెట్టండి.

అపోహ: తడిస్తే ఇక పారేయడమే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్లు మునిగాయి. అలాంటప్పుడు ఆల్బమ్‌ను అలాగే ఎండలో పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. ఫొటో పైన ఉండే జెలటిన్ పొర తడికి ఉబ్బుతుంది, దొంతరగా ఆరితే ఒకదానికొకటి అతుక్కుంటుంది. శుభ్రమైన చల్లటి నీళ్లలో బురద వదిలించి, బొమ్మ పైకి ఉండేలా నీడలో విడివిడిగా ఆరబెట్టండి. ఇది స్టూడియో ప్రింట్లకే. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్‌తో తీసినవాటిని కడగకూడదు. రెండు రోజుల్లో తీరిక దొరకదనుకుంటే మధ్యమధ్య మైనపు కాగితం పెట్టి, కవర్లో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. బూజు ఆగుతుంది, మీకు టైమ్ దొరుకుతుంది.

అపోహ: స్క్రాప్‌బుక్ అంటే అలంకరణ.

స్టిక్కర్లు, లేసులు ఎప్పుడైనా అంటించుకోవచ్చు. ఫొటోలో ఉన్నదెవరో చెప్పగలిగిన అమ్మమ్మ, పెదనాన్న ఇప్పుడే ఉన్నారు. ఈ ఆదివారమే వాళ్ల పక్కన కూర్చుని అడగండి. ‘అత్తయ్య’ అని మాత్రమే రాస్తే మీ మనవరాలికి ఎవరి అత్తయ్యో అర్థం కాదు. పూర్తి పేరు, ఊరు, సంవత్సరం, సందర్భం రాయండి. ఫొటో వెనక బాల్‌పెన్ను వాడకండి, నొక్కుడుకి ముందువైపు గీత తేలుతుంది. పాత నలుపు-తెలుపు ఫొటోలకు మెత్తటి పెన్సిల్ సరిపోతుంది. ఇప్పటి ప్రింట్ల వెనక ప్లాస్టిక్ పూత ఉంటుంది, పెన్సిల్ పట్టదు. వాటి వివరాలు పిగ్మెంట్ ఇంకు (తొందరగా వెలవని, తడికి చెదరని ఇంకు) పెన్నుతో పేజీ మీదే రాయండి.