కొప్పుకు క్రోషా వల: అపోహలు, వాస్తవాలు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ ఇళ్లలో క్రోషా సూది పట్టగలిగినవాళ్లకు కొదవ లేదు. టేబుల్ గుడ్డలు, తలుపు తోరణాలు అల్లే ఆ చేతులతోనే పాతకాలపు స్నూడ్, అంటే కొప్పును సంచిలా పట్టి ఉంచే వల, అల్లేయవచ్చు. అడ్డుపడేవి ఈ అపోహలే.

అపోహ: ఇది రెండో ప్రపంచ యుద్ధంలో పుట్టింది.
1860ల్లోనే యూరప్ ఆడవాళ్లు కొప్పు వలలు పెట్టుకునేవారు. 1940ల్లో ఫ్యాక్టరీ యంత్రాల్లో జుట్టు చిక్కుకోకుండా మళ్లీ వాడుకలోకి వచ్చింది.

అపోహ: మందపు ఉన్ని అయితే పని తొందరగా తెములుతుంది.
తెములుతుంది. కానీ గంజాం ఉక్కలో అది తలమీద అరగంట కూడా ఉండదు. అక్రిలిక్ దారం నూనె రాసిన జుట్టు మీద జారుతుంది కూడా. మెర్సరైజ్డ్ నూలు దారం (నునుపు, మెరుపు వచ్చేలా శుద్ధి చేసినది), 10 నంబరు తీసుకోండి. 20 నంబరు ఇంకా సన్నం, నంబరు పెరిగేకొద్దీ దారం పలచబడుతుంది. 10 నంబరుకు 1.5 లేదా 1.75 మి.మీ. స్టీలు సూది సరిపోతుంది. 20 గ్రాముల ఉండ ఒకటి సాధారణంగా చాలు, అయినా అదే రంగు లాట్‌లో (ఒకే విడతలో రంగు వేసిన సరుకులో) రెండోది కొని ఉంచుకోండి. నల్ల జుట్టు మీద నల్ల దారం కనిపించదు, మెరూనో మీగడ రంగో మేలు.

అపోహ: గుండ్రంగా పెంచుకుంటూ పోతే అదే వల అవుతుంది.
ఎక్కువమంది పని పాడయ్యేది ఇక్కడే. ప్రతి వరుసలో పెంచితే అంచు కుచ్చులు కుచ్చులుగా లేస్తుంది. పెంచడం ముందే మానేస్తే గిన్నెలా ముడుచుకుంటుంది. ఈ లెక్క పట్టుకోండి (సింగిల్, డబుల్ అమెరికా పద్ధతిలో చెబుతున్నాం): 8 చైన్ల రింగు, అందులో మొదటి 3 చైన్లతో కలిపి 24 డబుల్స్. రెండో వరుసలో ఒకటి వదిలి ఒకదానిలో సింగిల్, మధ్య 5 చైన్లు: 12 కళ్లు (చైన్లతో ఏర్పడే ఉచ్చులు). మూడో వరుసలో ప్రతి కంటిలో రెండేసి కళ్లు (పెంచడమంటే ఇదే): 24. నాలుగోది మామూలు వరుస, అంటే ప్రతి కంటిలో ఒక్కటే. ఇక ఒక వరుస పెంచడం, ఒక వరుస మామూలు. రెండు కళ్లకోసారి పెంచితే 36, మూడింటికోసారి 48, నాలుగింటికోసారి 60. తర్వాత కొప్పు లోతు వచ్చేదాకా మామూలు వరుసలే, దాదాపు 10. నడుము దాటే జుట్టుంటే అయిదింటికోసారి పెంచి 72 చేయండి. భుజం దాకే ఉంటే మామూలు వరుసలు నాలుగైదు తగ్గించండి, లేకపోతే ఖాళీ సంచిలా వేలాడుతుంది.

వరుస చివరి కన్ను 5 చైన్లతో కాక, 2 చైన్లు, మొదటి సింగిల్‌లో ఒక డబుల్ వేసి ముగించండి. సూది కంటి నడిమికి చేరుతుంది, అక్కడినుంచే తర్వాతి వరుస. ఇది తెలియకపోతే ప్రతి వరుసకూ ఏటవాలు అతుకు కనిపిస్తుంది.

అపోహ: పాత పుస్తకంలో నమూనా తప్పుగా అచ్చయింది.
తరచుగా తప్పు మన చదువుడులో ఉంటుంది. అమెరికా సింగిల్‌నే బ్రిటిష్ వాళ్లు డబుల్ అంటారు, అమెరికా డబుల్ వాళ్లకు ట్రెబుల్. ముందు నమూనా ఏ దేశానిదో చూసుకోండి.

అపోహ: ఎలాస్టిక్ ఎంత బిగిస్తే అంత జారదు.
బిగిస్తే నుదురు నొస్తుంది, పైగా వల వెనక్కి ఎగబాకుతుంది. టేపుతో నడినెత్తి నుంచి చెవుల వెనకగా మెడ కిందిదాకా, తిరిగి పైకి కొలవండి. అందులో 5 సెం.మీ. తగ్గించి, కుట్టుకు 1 సెం.మీ. కలిపి కోయండి. వల చివరి వరుసలో కళ్లను 5 చైన్లకు బదులు 2 చైన్లతో కుదించి, పైన సింగిల్ వరుస వేస్తూ సన్నని గుండ్రటి ఎలాస్టిక్‌ను లోపల పెట్టి అల్లేయండి. జారేది బరువుకే కాబట్టి నెత్తిమీద రెండు వైపులా ఒక్కో పిన్ను అంచు దారంలోంచి జుట్టులోకి గుచ్చండి. మల్లెచెండు కూడా ఆ అంచుకే, వల మధ్యలో వద్దు: తడిపూల బరువుకు కళ్లు సాగిపోతాయి.

అపోహ: నూలు దారం కాబట్టి వేడినీళ్లలో ఉడికించవచ్చు.
దారం తట్టుకుంటుంది, ఎలాస్టిక్ తట్టుకోదు. నూనె జిడ్డుకు గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బు చాలు. మెరూన్ అయితే ముందు చిన్న ముక్కను తడిపి తెల్లగుడ్డ మీద నొక్కి రంగు దిగుతుందో చూడండి. ఆరేసేటప్పుడు వేలాడదీయకండి, తువ్వాలు మీద గుండ్రంగా పరచండి.