కోత మొదటి జీతం నుంచే, హక్కు పదేళ్ల తర్వాతే

అమెరికాలో హెచ్1బీ వీసా మీద ఉద్యోగంలో చేరిన కుర్రాడి పే స్లిప్పులో ఆదాయపు పన్ను కాకుండా మరో రెండు కోతలు కనిపిస్తాయి. సోషల్ సెక్యూరిటీ అనే పింఛను పథకానికి 6.2 శాతం, మెడికేర్ అనే పెద్దవాళ్ల వైద్య బీమాకు 1.45 శాతం. ఏడాదికి లక్ష డాలర్ల జీతమైతే ఈ రెండూ కలిపి 7,650 డాలర్లు. యజమాని తన వాటాగా ఇంకో అంత కడతాడు. హెచ్1బీ గడువు మామూలుగా ఆరేళ్లు కాబట్టి, ఆ ఆరేళ్లలో ఉద్యోగి జీతం నుంచి పోయేది 45,900 డాలర్లు. పాలకొల్లులోనో రావులపాలెంలోనో ఉన్న తండ్రి ఈ లెక్క విని "ఇదంతా వెనక్కి వస్తుందేంట్రా?" అంటే, "మన పీఎఫ్ లాంటిదే నాన్నా, వస్తుంది" అని కొడుకు చెప్పేస్తాడు.

పీఎఫ్ లాంటిది కాదు. పీఎఫ్‌లో మన పేరున ఖాతా ఉంటుంది, వడ్డీ పడుతుంది, ఉద్యోగం మానేశాక తీసుకోవచ్చు. సోషల్ సెక్యూరిటీలో మన పేరున డబ్బు ఉండదు, క్రెడిట్ల లెక్క ఒక్కటే ఉంటుంది. ఇప్పుడు పని చేస్తున్నవాళ్ల దగ్గర కోసింది ఇప్పటి పింఛనుదారులకు పంచేస్తారు. ఏడాదికి గరిష్ఠంగా 4 క్రెడిట్లు వస్తాయి. 2025లో ఒక్కో క్రెడిట్‌కు 1,810 డాలర్ల సంపాదన చాలు, కాబట్టి ఐటీ ఉద్యోగికి ఏటా నాలుగూ పడతాయి. 40 నిండితే, అంటే పదేళ్లకు, పింఛను హక్కు వస్తుంది. 39 దగ్గర ఆగిపోతే పింఛనూ రాదు, కట్టిన డబ్బూ తిరిగివ్వరు. గోదావరి డెల్టాలో శివారు ఆయకట్టు రైతుకైతే ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కాలువ నీరు చేను దాకా రాకపోయినా నీటి తీరువా కట్టడం ఆయనకు అలవాటే.

ఆరేళ్ల వీసాకు పదేళ్ల పింఛను షరతు ఎలా వచ్చి తగులుకుంది? ఎవరో కూర్చుని పరాయివాళ్లను ముంచుదామని రాసిన నిబంధన కాదిది. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు మనుషుల్ని మనసులో పెట్టుకుని చేసిన చట్టాలు ఒకదానిమీద ఒకటి పేరుకున్నాయి.

మహా మాంద్యం రోజుల్లో, 1935 ఆగస్టు 14న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సోషల్ సెక్యూరిటీ చట్టంపై సంతకం పెట్టాడు. 1937 జనవరి నుంచి కోత మొదలైంది. అప్పట్లో ఉద్యోగి వాటా 1 శాతమే, అదీ ఏడాదికి 3,000 డాలర్ల జీతం వరకే. మొదటి నెలవారీ పింఛను 1940 జనవరిలో ఐడా మే ఫుల్లర్ అనే ఆవిడకు అందింది, 22 డాలర్ల 54 సెంట్లు. ఆవిడ మూడేళ్లలో కట్టింది మొత్తం 24 డాలర్ల 75 సెంట్లు. 1975లో చనిపోయేలోపు అందుకున్నది 22,888 డాలర్ల పైచిలుకు. మొదట చేరినవాళ్లకు ఈ పథకం అంత కలిసొచ్చింది. అప్పుడు కూడా బయట ఉండిపోయినవాళ్లున్నారు: పొలం కూలీలనూ ఇళ్లలో పనిచేసేవాళ్లనూ 1935 చట్టం చేర్చుకోలేదు.

ఇప్పుడు క్రెడిట్లంటున్న త్రైమాసికాల లెక్క 1939 సవరణలతో వచ్చింది. 40 త్రైమాసికాలు పని చేసినవాడికి ఇక శాశ్వతంగా హక్కు ఉన్నట్టే. నలభై ఏళ్ల పాటు ఒకే దేశంలో పని చేసే మనిషికి పదేళ్లనేది చాలా చిన్న షరతు. ఆ షరతు రాసినవాళ్ల ఎదుట ఉన్నది డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీ కార్మికుడు. ఆరేళ్లు పని చేసి కాకినాడ తిరిగి వెళ్లిపోయే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు వాళ్ల ఊహలోకి వచ్చే అవకాశమే లేదు.

అలాగని తాత్కాలికంగా వచ్చేవాళ్ల సంగతి అమెరికా చట్టానికి అసలు తెలియదనలేం. వీసా మీద వచ్చే విదేశీ వ్యవసాయ కూలీలకు ఈ కోత లేదు. 1961లో వచ్చిన విద్యా సాంస్కృతిక మార్పిడి చట్టం విదేశీ విద్యార్థులను కూడా మినహాయించింది. అందుకే ఎఫ్1 వీసా మీద చదివి ఓపీటీలో, అంటే చదువయ్యాక ఇచ్చే తాత్కాలిక పని అనుమతి మీద, ఉద్యోగం చేసే మన పిల్లలకు, అమెరికాలో అడుగుపెట్టిన తొలి ఐదు క్యాలెండర్ ఏళ్లు సాధారణంగా ఈ రెండు కోతలూ పడవు. వీసా మారి హెచ్1బీ రాగానే చేతికొచ్చే జీతం తగ్గిందేంటని కంగారుపడేది ఇందుకే. తిరిగి వెళ్లిపోయే కూలీకి పింఛను కోత వద్దనుకున్నారు, విద్యార్థికీ వద్దనుకున్నారు. తిరిగి వెళ్లిపోవాల్సిన ఇంజినీరు దగ్గరికొచ్చేసరికి ఆ ఆలోచన చేయలేదు. హెచ్1బీని ఇప్పటి రూపంలో తెచ్చింది 1990 వలస చట్టం. ఏటా 65,000 వీసాల పరిమితి, గరిష్ఠంగా ఆరేళ్లు. విదేశీయుడికి కోత లేకపోతే యజమానికి కూడా 7.65 శాతం మిగులుతుంది కాబట్టి స్థానికుణ్ని కాదని అతన్నే తీసుకుంటాడన్న వాదన ఒకటుంది. ఆ వాదనలో నిజం లేకపోలేదు.

డెల్టాకు సముద్రం దాటి కూలికి పోవడం ఐటీతో మొదలైంది కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి ఊళ్లు పచ్చబడ్డా, సెంటు భూమి లేనివాళ్లకు ఆ పచ్చదనంలో దక్కింది తక్కువ. కాకినాడ నుంచి స్టీమరెక్కి రంగూన్ వెళ్లి రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ బస్తాలు మోశారు. కోరంగి రేవు పేరు మీద అక్కడివాళ్లు మనవాళ్లను కోరంగీలన్నారు. మేస్త్రీ ముందుగా ఇచ్చిన అడ్వాన్సును కూలిలోంచి పట్టుకునేవాడు. 1930 మే నెలలో రంగూన్ రేవులో అల్లర్లు జరిగి తెలుగు కూలీలు చనిపోయారు. 1942లో జపాన్ సైన్యం వచ్చిపడ్డప్పుడు ఎంతోమంది కాలినడకన అడవులు దాటుకుంటూ తిరుగుముఖం పట్టారు. పింఛను మాట దేవుడెరుగు, అన్నేళ్ల కూలికి కాగితం ముక్క కూడా ఎవరి చేతిలోనూ లేదు.

ఆ తర్వాత గల్ఫ్. కోనసీమ నుంచీ పశ్చిమ గోదావరి నుంచీ ఇంటిపనికి కువైట్ వెళ్లే ఆడవాళ్ల జీతంలో పన్ను కోత ఉండదు. పింఛనూ ఉండదు. దాని బదులు ఉద్యోగం ముగిసినప్పుడు యజమాని ఇవ్వాల్సిన గ్రాట్యుటీ ఉంది. కువైట్ 2015లో చేసిన ఇంటి పనివాళ్ల చట్టం ప్రకారం పని చేసిన ఒక్కో ఏడాదికి ఒక నెల జీతం ఇవ్వాలి. ఇవ్వని యజమాని దగ్గర వసూలు చేసుకోవడం వేరే కథ. ఒకే మండలం నుంచి ఇద్దరు వెళ్తే, అమెరికాలో ఉన్నవాడి కష్టం కట్టింది చేతికి రాకపోవడం, కువైట్‌లో ఉన్నావిడ కష్టం అసలు కట్టే ఏర్పాటే లేకపోవడం.

అమెరికాలో ఈ కోతలు కడుతున్నవాళ్లకు వేరే సాయాలైనా అందుతాయా అంటే, అక్కడ 1996 అడ్డు తగులుతుంది. ఆ ఏడాది ఆగస్టులో బిల్ క్లింటన్ సంతకం చేసిన సంక్షేమ సంస్కరణ చట్టం, కొత్తగా గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లలో చాలామందికి ఫెడరల్ సాయాలు ఐదేళ్ల వరకు అందకుండా చేసింది. హెచ్1బీ వాళ్లు ఆ జాబితాలోకే రారు. ఉద్యోగం పోతే వచ్చే భృతి కోసం యజమాని విడిగా పన్ను కడతాడు గానీ, ఆ భృతికి 'వెంటనే పని చేయడానికి సిద్ధంగా ఉన్నాను' అని చూపించాలి. ఒక యజమానికి కట్టుబడిన వీసా ఉన్నవాడికి అది చూపించడం కష్టం. 2017 నుంచి ఉద్యోగం పోయాక 60 రోజుల గడువు ఇస్తున్నారు. ఆ రెండు నెలల్లో ఎవరి టెన్షన్ అయినా కొత్త స్పాన్సర్ గురించే, భృతి గురించి ఆలోచించే తీరిక ఎక్కడిది?

పౌరసత్వం వచ్చిన పిల్లలు తల్లిదండ్రులను గ్రీన్‌కార్డు మీద పిలిపించుకోవడం ఇప్పుడు తణుకు, భీమవరం వైపు మామూలే. 65 దాటిన ఆ పెద్దవాళ్లు అమెరికాలో ఎప్పుడూ పని చేయలేదు కాబట్టి మెడికేర్ ఉచితంగా రాదు. వరుసగా ఐదేళ్లు నివాసముంటే ప్రీమియం కట్టి చేరవచ్చు. 2025 లెక్కన ఆసుపత్రి భాగానికే మనిషికి నెలకు 518 డాలర్లు, డాక్టర్ల భాగానికి మరో 185. మెడికేర్ అమెరికా బయట వైద్యానికి డబ్బివ్వదు. ఎండాకాలమంతా ఊళ్లోనే ఉంటామనే తాతగారు ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది.

రెండు దేశాల్లో పని చేసిన మనిషి నష్టపోకుండా ఉండేందుకు టోటలైజేషన్ ఒప్పందం అనే ఏర్పాటుంది. ఒక దేశం నుంచి కంపెనీ తరఫున వెళ్లినవాడు ఐదేళ్ల వరకు సొంత దేశంలోనే కట్టుకోవచ్చు. పింఛను అర్హతకు రెండు చోట్ల పని చేసిన కాలాన్నీ కలుపుతారు. అమెరికా 1978లో ఇటలీతో మొదలుపెట్టి ఇప్పటికి 30 దేశాలతో ఇలాంటివి చేసుకుంది. అందులో భారత్ లేదు. 2008 అక్టోబరులో మన ప్రభుత్వం ఎదురు ఎత్తు వేసింది. భారత్‌లో పని చేసే విదేశీయులు పూర్తి జీతం మీద పీఎఫ్ కట్టాలని నిబంధన పెట్టింది, ఒప్పందం ఉన్న దేశాలవాళ్లకు మినహాయింపునిస్తూ. 58 ఏళ్లు నిండేదాకా దాన్ని తీసుకోకూడదన్న షరతును 2010లో చేర్చింది. బెల్జియంతో ఒప్పందం 2009లో అమల్లోకి వచ్చింది. జర్మనీ, ఫ్రాన్స్, జపాన్, కెనడా, ఆస్ట్రేలియా లాంటివి ఒక్కొక్కటీ చేరాయి. అమెరికా కదల్లేదు. 2015 జనవరిలో ఒబామా ఢిల్లీ వచ్చినప్పటి సంయుక్త ప్రకటనలో ఈ విషయం ఉంది, 2023 వాణిజ్య చర్చల ప్రకటనలోనూ ఉంది.

అమెరికా చెప్పే అభ్యంతరం మాత్రం డెల్టా వాళ్లు ఆగి వినాల్సింది. వాళ్ల చట్టం ప్రకారం, అవతలి దేశపు పింఛను వ్యవస్థ జనానికి విస్తృతంగా వర్తించేదై ఉండాలి. మన ఈపీఎఫ్ 20 మంది గానీ అంతకు మించి గానీ పని చేసే సంస్థలకు తప్పనిసరి. భీమవరం చుట్టూ చెరువుల మీద కాపలా ఉండేవాడు, రొయ్య తల తీసే ఆడకూలీ, అంబాజీపేట వైపు కొబ్బరి పీచు పనివాళ్లు, కౌలు రైతు, వరినాట్లకు వేరే రాష్ట్రాల నుంచి దిగే ముఠా, వీళ్లలో ఎంతమందికి పీఎఫ్ నంబరు ఉంటుంది? 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు చేసిన వృద్ధాప్య పింఛను చాలా ఇళ్లకు ఆసరాయే గానీ అది ప్రభుత్వ సాయం, జీతం నుంచి కట్టుకుని సంపాదించుకున్న హక్కు కాదు. డాలస్‌లో ఉన్న కొడుకు డబ్బు వెనక్కి రాకపోవడానికీ, అతని తండ్రి చెరువులో పని చేసే మనిషికి పీఎఫ్ లేకపోవడానికీ మధ్య ఇంత దగ్గరి సంబంధం ఉందని మన ఎన్నారై సభల్లో ఎవరూ అనరు. చెరువు యజమానులు కూడా ఆ సభల్లోనే ముందు వరసలో కూర్చుంటారు మరి.

ఈలోగా పరిస్థితిని మార్చింది ఒప్పందం కాదు, గ్రీన్‌కార్డు క్యూ. ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వరాదన్న పరిమితి వల్ల భారతీయుల వరస ఏళ్లకేళ్లు సాగుతోంది. వరసలో ఉన్నవాళ్లు ఆరేళ్లు దాటాక కూడా హెచ్1బీ పొడిగించుకునే వీలును 2000లో చేసిన చట్టం కల్పించింది. దాంతో గ్రీన్‌కార్డు రాకుండానే వేలమంది 40 క్రెడిట్లు దాటేశారు. భారత పౌరుడిగా ఉండి, 40 క్రెడిట్లు ఉన్నవాడు రాజమండ్రి వచ్చి స్థిరపడినా పింఛను తీసుకోవచ్చు. ఎంతొస్తుంది? పదేళ్లు లక్ష డాలర్ల చొప్పున సంపాదించినవాడికి 2025 సూత్రం ప్రకారం ఉజ్జాయింపుగా వేస్తే, 67వ ఏట నెలకు 1,470 డాలర్ల దరిదాపుల్లో తేలుతుంది. 35 ఏళ్ల సగటు తీసి, తక్కువ సగటున్నవాళ్లకు ఎక్కువ శాతం ఇస్తారు కాబట్టి ఇది కట్టినదానికి మంచి ప్రతిఫలమే. విదేశంలో ఉన్న విదేశీయుడికి ఇందులో 25.5 శాతం పన్ను పట్టుకుంటారు. అయినా ఒక్క క్రెడిట్ తక్కువైనవాడి సున్నాతో పోల్చి చూడండి.

చావు సంగతి కూడా చెప్పాలి, ఎవరూ ముందు అడగరు కాబట్టి. పని చేస్తున్న మనిషి చనిపోతే తగినన్ని క్రెడిట్లుంటే భార్యాబిడ్డలకు నెలసరి భృతి వస్తుంది. విదేశీయులైన భార్యాబిడ్డలు ఇండియా వచ్చేస్తే ఆరు నెలల తర్వాత అది ఆగిపోతుంది. ఆగకుండా ఉండాలంటే పోయిన మనిషికి 40 క్రెడిట్లో పదేళ్ల నివాసమో ఉండాలి, పైగా ఆ కుటుంబం ఐదేళ్లు అమెరికాలో కలిసి ఉండి ఉండాలి. అక్కడ పుట్టి పౌరసత్వం ఉన్న బిడ్డకు మాత్రం ఈ ఆటంకం లేదు, అమలాపురంలో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నా వస్తుంది. తెలియక వదిలేసుకోవద్దు.

తిరిగొచ్చేద్దామనుకునేవాళ్లు టికెట్లు కొనేముందు సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైట్‌లో తమ క్రెడిట్లు చూసుకోవాలి. లెక్క క్యాలెండర్ ఏడాది మీద నడుస్తుంది. అక్టోబరులో ఉద్యోగంలో చేరినా, ఆ మూడు నెలల్లో 2025 లెక్కన 7,240 డాలర్లు సంపాదిస్తే ఆ ఏడాది నాలుగూ పడతాయి. అలా ఆరేళ్ల హెచ్1బీ ఏడు క్యాలెండర్ ఏళ్లను తాకి 28 క్రెడిట్లు ఇవ్వగలదు. వచ్చిన క్రెడిట్లు మురిగిపోవు, మళ్లీ ఎప్పుడు వెళ్లినా అక్కడి నుంచే లెక్క సాగుతుంది.

ఓపీటీ ఉద్యోగులకు ఉన్న మినహాయింపు తీసేయాలని అమెరికా కాంగ్రెస్‌లో బిల్లులు వస్తున్నాయి. విద్యార్థులకు అది భారమే. కానీ సైన్సు, ఇంజినీరింగ్ చదివినవాళ్లకు మూడేళ్ల ఓపీటీ ఉంటుంది. దానికి ఆరేళ్ల హెచ్1బీ కలిస్తే తొమ్మిదేళ్లు, ఏడాది మధ్యలో మొదలైతే పది క్యాలెండర్ ఏళ్లు. అంటే ఇవాళ 28 దగ్గర ఆగి తిరిగొస్తున్నవాళ్లు, ఆ కోత పడితే 40 అందుకునే వీలుంది.